నేల మిగిలిన నగరం, రాళ్లు మిగిలిన నగరం

అమరావతి, నాగార్జునకొండ పేర్లను మనం ఒక్క ఊపిరిలో పలుకుతాం. శిల్పచరిత్ర పుస్తకాలూ అంతే. రెంటినీ ఒకే గాటన కట్టి, శాతవాహనుల నాడు అమరావతిలో వికసించిన శైలి ఇక్ష్వాకుల నాడు నాగార్జునకొండలో కొనసాగిందని నాలుగు మాటలు చెప్పి ముందుకు సాగిపోతాయి. శిల్పం వరకు ఈ జత కుదిరినట్టే. నది ఒకటే, పల్నాటి సున్నపురాయి ఒకటే, ఉలి పనితనపు వరసా ఒకటే. శిథిల నగరాలుగా చూస్తే మాత్రం ఈ రెంటికీ పట్టిన గతి పూర్తిగా వేరు. అమరావతిలో నేల ఎక్కడిదక్కడే ఉంది, దాని మీది రాళ్లు చెన్నైకి, కలకత్తాకు, లండన్‌కు వెళ్లిపోయాయి. నాగార్జునకొండలో రాళ్లు చాలావరకు మన దగ్గరే ఉన్నాయి, అవి నిలిచిన లోయ నాగార్జునసాగర్ నీళ్ల కిందికి పోయింది.

ఈ రెండు నష్టాల్లో ఏది పెద్దదని అడిగితే ఎక్కువమంది నాగార్జునకొండ పేరే చెబుతారు. ఊరికి ఊరే మునిగింది కదా అంటారు. నేను ఒప్పుకోను. నాగార్జునకొండ లోయలో నీట మునిగిన ఇక్ష్వాకుల నగరం విజయపురి వీధులు, విహారాలు, గుళ్లు, స్నానఘట్టాలు ఎక్కడెక్కడ ఎలా ఉండేవో మనం చెప్పగలం. అమరావతిని ఆనుకుని నేటికీ నేల మీదే ఉన్న ధాన్యకటకం గురించి అలా చెప్పలేం. రాయి ఎంత అందంగా ఉన్నా, ఏ చోటు నుంచి, ఏ పొర నుంచి, ఏ రాయి పక్క నుంచి వచ్చిందో తెలియకపోతే అది నగరం గురించి చెప్పగలిగేది కొంచెమే. అమరావతి పోగొట్టుకున్నది ఆ సమాచారాన్ని. మ్యూజియాలన్నీ తమ దగ్గరున్న రాళ్లను రేపే తిరిగిచ్చినా అది మాత్రం తిరిగి రాదు.

అమరావతి పతనం 1790ల చివర మొదలైంది. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన మకాం కృష్ణ ఒడ్డుకు మార్చుకుని కొత్త పట్నం కట్టిస్తున్న రోజులవి. కట్టడాలకు రాయి, ఇటుక కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అని జనం పిలిచే మిట్ట ఉంది. తవ్వితే పెద్ద పెద్ద ఇటుకలు, నున్నటి రాతి పలకలు బయటపడ్డాయి. పనికొచ్చినవి గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి, కొన్ని సున్నపు బట్టీలకు పోయాయి. ఆ సంగతి విని కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్య చెరువు తవ్వుతున్నారు. తన వెంట తెచ్చుకున్న చిత్రకారుల చేత మిగిలిన పలకలకు బొమ్మలు గీయించాడు. నేడు ఆ దిబ్బలోని స్తూపం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ బొమ్మల పుణ్యమే. వాటిలో కనిపించే కొన్ని పలకలు ఆ తర్వాత జాడ లేకుండా పోయాయి.

ఇక్కడిదాకా చదివి వెంకటాద్రి నాయుణ్ణి తప్పుపట్టి ఊరుకోవడం మనకు అలవాటు. ఆయన చేసినది తక్కువ నష్టమేమీ కాదు. కానీ ఆయనకు ఆ దిబ్బ ఏమిటో తెలియదు, ఆ నాటికి ఎవరికీ తెలియదు. అది బౌద్ధ మహాచైత్యమని లోకానికంతా తెలిశాక జరిగిన తవ్వకాలనే నేను ఎక్కువగా తప్పుపడతాను. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో వాటిని ఓడలో లండన్‌కు పంపారు. అక్కడా అంతే. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ కంట పడేదాకా ఫైఫ్ హౌస్ బండ్లశాలలో మూలన పడి ఉన్నాయి. 1877లో రాబర్ట్ సీవెల్ ఓ మూల కాస్త జాగ్రత్తగా తవ్వాడు, ఏ పలక ఎక్కడ దొరికిందో రాసుకున్నాడు. మిగతా దిబ్బను కూడా అదే పద్ధతిలో తవ్వి ఉంటే కథ వేరుగా ఉండేది. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ స్థలమంతా ఖాళీ చేయించమని ఉత్తర్వు ఇచ్చాడు. మనుషుల్ని పెట్టి తవ్వి పోశారు. ఆ తర్వాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు స్తూపం ఉండవలసిన చోట ఓ పెద్ద గొయ్యి, చుట్టూ చెల్లాచెదురుగా రాళ్లు మిగిలాయి. అన్నీ తెలిసిన ప్రభుత్వం, తెలుసుకోవడానికే తవ్విస్తున్నామని చెప్పుకుని, తెలుసుకునే దారినే మూసేసింది.

ఆ రాళ్లను ఏం చేయాలన్న వాదన అప్పట్లోనే నడిచింది. స్మారకాల సంరక్షణాధికారిగా ఉన్న హెచ్. హెచ్. కోల్ వాటిని ఎక్కడివక్కడే ఉంచాలన్నాడు. బర్జెస్ మాత్రం మద్రాసుకు తరలిస్తేనే బతుకుతాయన్నాడు. బర్జెస్ మాటే నెగ్గింది. మద్రాసు మ్యూజియం చేరిన పలకలను గోడలకు సిమెంటుతో అతికించేశారు. సున్నపురాయికీ సిమెంటుకూ పొసగదు. సిమెంటులోని లవణాలు చెమ్మతో పాటు రాయిలోకి పాకి పైపొరను పొట్టు రేపుతాయి. భద్రం కోసం తరలించిన రాయి ఆ భద్రత పేరుతోనే దెబ్బతిన్నది. కోల్ వాదనే సరైనదని నా నమ్మకం. అయితే అప్పటికే పలకలు తీసేసి, వాటి జాగాలు చెరిపేసిన దిబ్బ మీద వాటిని మళ్లీ ఎలా నిలబెట్టాలన్న ప్రశ్నకు ఆయన దగ్గరా సరైన జవాబు లేదు.

అమరావతి శిల్పం గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. చెన్నై మ్యూజియంలోని నలగిరి పతకం ముందు నిలబడితే ఈ వాదాలన్నీ కాసేపు వెనక్కి పోతాయి. గుండ్రటి రాతిలో ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి వీధిలో పడి మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. జనం ఒకరి మీద ఒకరు పడుతూ పరుగెడుతున్నారు. మేడల మీది కిటికీల్లోంచి స్త్రీలు తొంగిచూస్తున్నారు. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లింది. రెండు క్షణాల మధ్య గీత ఏదీ లేదు. ఆ గుంపు కదలికే కన్నును ఒక క్షణంలోంచి మరో క్షణంలోకి తీసుకుపోతుంది. కిటికీల వరస, వీధి ఇరుకు, మనుషుల తొక్కిసలాట అన్నీ చూస్తే నగరంలో బతికిన శిల్పి చెక్కిన బొమ్మ అని తెలిసిపోతుంది. ఆ నగరం ఎలాంటిదని అడిగితే మాత్రం జవాబు కోసం రాతిలోనే వెతుక్కోవాలి. చుట్టూ నేలలో వెతికే అవకాశం మనకు పెద్దగా మిగల్లేదు.

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఓ పలక ఇంకా విలువైనది. ఒకవైపు బోధివృక్షం, ఖాళీ సింహాసనం, మొక్కుతున్న జనం. అది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి పని. రెండోవైపు స్తూపమే చెక్కి ఉంది. ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద నిలిపిన ఐదు ఆయక స్తంభాలు, అండమనే గుమ్మటం చుట్టూ దండలు, పైన ఎగురుతున్న దేవతలు. ఇది మూడో శతాబ్దం నాటిది. అంటే స్తూపాన్ని కొత్తగా అలంకరించేటప్పుడు పాత పలకనే తిప్పి, వెనకవైపు మళ్లీ చెక్కారు. రెండు తరాల శిల్పుల మధ్య మూడు నాలుగు వందల ఏళ్ల దూరాన్ని ఒకే రాయి మోస్తోంది. ఈ ఒక్క పలక చాలు, మహాచైత్యం ఒక్కసారిగా కట్టి వదిలేసినది కాదనీ, తరతరాలుగా పెరుగుతూ మారుతూ వచ్చిందనీ తెలుసుకోవడానికి. అలాంటి పలకలు ఇంకెన్ని ఉండేవో! ఏవి ఏ అంతరువులో ఎలా తిరగబడి ఉండేవో తెలిస్తే స్తూపం వయసును పొర పొరగా చదవగలిగేవాళ్లం. ఆ వరసను గడ్డపారలు చెరిపేశాయి.

ఇక నాగార్జునకొండకు వస్తే అక్కడ కథ 1926లో మొదలైంది. మద్రాసు శాసన విభాగానికి చెందిన ఏ. ఆర్. సరస్వతి ఆ లోయలోని శిథిలాలను గుర్తించాడు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. అతని పద్ధతిలోనూ లోపాలున్నాయి. పెద్ద కట్టడాల మీదే చూపు, చుట్టూ ఉన్న నగరం మీద కాదు. అయినా అతనికి దొరికినది చిన్నదేమీ కాదు. అక్కడి మహాచైత్యం పునాదిలో ఆకులున్న బండిచక్రంలా ఇటుక గోడలు పేర్చి, మధ్య మధ్య మట్టి నింపి, పైన అండం లేపారు. ఆ ఆకుల మధ్య గదుల్లో ఒకదాంట్లో ధాతువు దొరికింది. దాన్ని తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంచారు. చెక్కిన పలకల సొగసు ఈ చైత్యానికి లేదు. దాని సొగసంతా కట్టడపు లెక్కలోనే ఉంది.

తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట మాట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు శాఖ లోయలో పని మొదలుపెట్టింది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సాగిన ఆ తవ్వకం మన దేశంలో పురావస్తు పరిశోధనకు ఒక కొత్త కొలత. ఈజిప్టులో అబూ సింబెల్ కోసం యునెస్కో పిలుపు 1960లో వచ్చింది. అప్పటికి మనవాళ్లు లోయ పని దాదాపు పూర్తి చేశారు. గడువు ఎదురుగా ఉండడం వల్లే వాళ్లు ఏదీ చిన్నదని వదల్లేదనిపిస్తుంది. పాతరాతియుగపు పనిముట్లు, నవీనశిలాయుగపు గుంత ఇళ్లు, రాక్షసగుళ్లు, కోట గోడలు, ఇళ్లు, ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, శైవ వైష్ణవ ఆలయాలు, నది ఒడ్డు మెట్లు, అన్నిటినీ ఒకే పటం మీదికి తెచ్చారు. బ్రాహ్మణ దేవాలయాలు ఎక్కువగా నది ఒడ్డున, బౌద్ధ విహారాలు లోపలి లోయలో కొండల వైపు ఉన్నాయని తెలిసింది ఆ పటం వల్లే. అశ్వమేధం చేసిన ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి కోటకూ, ఆయన ఇంటి ఆడవాళ్లు కట్టించిన విహారాలకూ మధ్య ఎంత దూరమో, ఏ దారో ఆ పటం చెప్పింది. కొండ పక్కనే మెట్లు మెట్లుగా కట్టిన రంగస్థలం, దాని దగ్గరే హారీతి గుడి దొరికాయి. ఆ రంగస్థలంలో నాటకమా, మల్లయుద్ధమా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. ఆ చర్చకు ఆధారం ఆ కట్టడం ఉన్న చోటే. దాన్ని చోటు తెలియని రాళ్ల కుప్పగా మ్యూజియానికి తెచ్చి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

రెండు చోట్ల శాసనాలను పక్కపక్కన పెట్టి చదివితే ఇంకో తేడా తెలుస్తుంది. అమరావతి దాతల్లో సామాన్యులు కిక్కిరిసి ఉన్నారు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. భిక్షుణులు, వర్తకులు, గృహస్థులు పలకకొకరుగా పేరు రాయించుకున్నారు. నాగార్జునకొండలో ముందు వినిపించేది రాణివాసపు గొంతు. మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది చాంతమూలుడి సోదరి చాంతిసిరి. ఉపాసిక బోధిసిరి శాసనం సింహళ భిక్షువుల కోసం కట్టించిన చైత్యగృహాన్ని చెబుతూ కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, యవన, దమిళ దేశాలన్నిటినీ వరసగా పేర్కొంటుంది. రాజులు యజ్ఞాలు చేస్తుంటే ఇంటి స్త్రీలు బౌద్ధ విహారాలు కట్టించడం ఇక్ష్వాకుల ప్రత్యేకత. అమరావతి స్తూపం ఊరి చందాలతో లేచింది, విజయపురి విహారాలు పెద్దింటి దానాలతో లేచాయి. అమరావతి శిల్పంలోని ఆ జనసందోహానికీ ఆ చందాలకూ సంబంధం ఉందనే నేను అనుకుంటాను. నాగార్జునకొండ శిల్పంలో నైపుణ్యం తక్కువేమీ కాదు. మనుషులు పొడుగ్గా, సన్నగా, ఒద్దికగా నిలబడతారు. కానీ తొక్కిసలాట తక్కువ. అమరావతి ఏనుగు వీధిలో పడినప్పటి గందరగోళం ఇక్కడ కనపడదు.

నాగార్జునకొండను పొగుడుతున్నానని అక్కడ చేసినవన్నీ సరైనవనుకోవద్దు. నీళ్లు వచ్చేముందు తొమ్మిది ముఖ్య కట్టడాలను, నేడు నీళ్ల మధ్య దీవిగా మిగిలిన కొండ మీదికి మార్చి మళ్లీ కట్టారు. కొన్నిటిని ఒడ్డున అనుపు దగ్గర పునర్నిర్మించారు. లాంచీ దిగి కొండెక్కితే లోయలో ఒకదానికొకటి దూరంగా ఉండిన కట్టడాలు పచ్చిక మీద చెంతచెంతనే కనిపిస్తాయి. పైగా ఆ కొండ మీద ప్రాచీన విజయపురి లేదు, మధ్యయుగపు కోట ఉండేది. తెలియని యాత్రికుడు ఇదే పాత ఊరనుకుని తిరిగిపోతాడు. ఏది తరలించిన అసలు రాయి, ఏది కొత్తగా పేర్చిన ఇటుక, ఏది నమూనా అని చెప్పే బోర్డులు ప్రతి కట్టడం దగ్గరా స్పష్టంగా ఉండాలి.

ఆ దీవి మీద నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టినది పునర్నిర్మాణాలు కాదు, మ్యూజియం చివరి గదిలోని లోయ నమూనా. మునిగిపోయిన లోయనంతా చిన్నదిగా మలిచి, అందులో ప్రతి కట్టడాన్నీ దాని చోట అమర్చారు. నది ఎటు వంగింది, కొండలు ఎటు మూసుకున్నాయి, కోట ఎక్కడ, మహాచైత్యం ఎక్కడ, సింహళ విహారం ఎక్కడ, అన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి. బయట లాంచీలోంచి చూసిన ఖాళీ నీటి కింద ఇదంతా ఉందని అప్పుడు అర్థమవుతుంది. అలాంటి నమూనా ధాన్యకటకానికి చేయమంటే చేయలేం. మధ్యలో స్తూపం పెడతాం, దాని చుట్టూ ఏం పెట్టాలి?

సుబ్రహ్మణ్యం బృందం చేసిన పనికి మనం చేసిన అపచారం ఇంకొకటుంది. తవ్వకం ఆరేళ్లలో ముగిసింది. చరిత్రపూర్వ యుగానికి సంబంధించిన సంపుటి 1975లో వచ్చింది. అసలు ఇక్ష్వాకుల నగరాన్ని వివరించే రెండో సంపుటి రావడానికి 2006 దాకా పట్టింది. తవ్వినవాళ్ల జ్ఞాపకంలో ఉన్న ఎన్నో వివరాలు ఆ మధ్యలో వారితోనే పోయి ఉంటాయి. నీళ్లు నింపడానికి గడువు పెట్టుకున్న దేశం, నివేదిక అచ్చువేయడానికి గడువు పెట్టుకోలేదు. అయినా ఆ ఆలస్యం అమరావతి నష్టంతో సమానం కాదు. కాగితాలు, పటాలు, ఫోటోలు ఉన్నాయి కాబట్టి ఆలస్యంగానైనా పుస్తకం వచ్చింది. 1880 నాటి అమరావతి తవ్వకానికి అలాంటి కాగితాలే లేవు.

ఇప్పుడు అమరావతి గురించి మాట్లాడేటప్పుడల్లా లండన్‌లోని రాళ్లు తిరిగి రావాలన్న మాట ముందుకొస్తుంది. నూట ఇరవైకి పైగా ఉన్న ఆ పలకలు మనవి, రావాలనే కోరుకుంటాను. రావడం న్యాయం కూడా. కానీ ఆ ఒక్క కోరిక చుట్టూ తిరిగి మనం పక్కనే ఉన్న పనిని పట్టించుకోవడం లేదు. దీపాలదిన్నెను ఆనుకునే ధరణికోట ఉంది. ధాన్యకటక నగరం అక్కడే. 1960ల మొదట్లో అక్కడ కొంత మేర తవ్వితే నదితో కలిసే పడవల కాలువ, దాని ఒడ్డున సరకు దించుకునే రేవు కట్టడం బయటపడ్డాయి. దూరదేశాలతో వర్తకం చేసిన నగరానికి సాక్ష్యం అది. తవ్విన మేర కొంచెం, తవ్వనిది చాలా. స్తూపానికి దానాలిచ్చిన వర్తకులు, చర్మకారులు ఏ వీధుల్లో ఉన్నారో ఆ మట్టి చెప్పాలి. 1344 నాటి సింహళంలోని గడలాదెణియ శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. అంటే మహాచైత్యం పద్నాలుగో శతాబ్దం దాకా బతికే ఉంది. దాని చుట్టూ ఊరు ఎలా నడిచింది, ఎప్పుడు సన్నగిల్లింది, ఎందుకు మట్టి కప్పుకుంది అన్న ప్రశ్నలకు కూడా జవాబు ధరణికోట నేలలోనే ఉండాలి.

2015 తర్వాత అమరావతి పేరు రాజధాని పేరైంది. కొత్త నగరం తుళ్లూరు వైపు లేస్తోంది, పాత ఊరు దానికి పడమరన ఉంది. రాజధాని దగ్గరపడితే పాత ఊరి చుట్టూ పొలాల ధర పెరుగుతుంది, ఇళ్లు లేస్తాయి, పునాదులు తీస్తారు. నాగార్జునకొండలో నీటి గడువు ఉండబట్టి పని జరిగింది. ధరణికోటలో ఏ గడువూ లేదు, అందుకే పని జరగడం లేదు. లేని గడువును ఇక్కడ మనమే పెట్టుకోవాలి. మొదట ధరణికోట, అమరావతి పరిసరాలన్నిటికీ పొలం పొలానా ఉపరితల సర్వే, ఆ తర్వాత ఎంపిక చేసిన చోట్ల పొరల వారీ తవ్వకం, ప్రతి ఇంటి పునాది గోతినీ చూసే అధికారం ఉన్న ఒక చిన్న బృందం. ఇందులో సుబ్రహ్మణ్యం బృందం ఎరగని పని ఒక్కటీ లేదు. వాళ్లు డెబ్బై ఏళ్ల కిందట ఒక లోయకు లోయనే ఆరేళ్లలో చదివారు. అప్పుడు లేని ఉపగ్రహ చిత్రాలు, నేలను తవ్వకుండానే అడుగున గోడలను పట్టే రాడార్లు ఇప్పుడు ఉన్నాయి. అవి ఉండి కూడా ధరణికోట మీద కొత్త ఇళ్ల పునాదులు పడితే, వెంకటాద్రి నాయుడికి ఉన్న తెలియదన్న సాకు మనకు ఉండదు.